నిద్రాహారిణీ వ్యాఖ్య

అవతారిక

కర్తృనామం బుజ్జి. నివాసం హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. కృతిభర్త ఎవరో తేల్చి చెప్పలేం. కావ్యం వినిపించాలని కవయిత్రికి తోచిన క్షణాన ఎదురుగా ఎవరుంటే వారే. అర్ధరాత్రయితే ఆ గౌరవం నాకో మా ఆవిడకో దక్కుతుంది. గ్రంథమంతా ఎంత విడమర్చి రాసినా అరపేజీ ఉండదు. అందుకే టీక అవసరమైంది. మూలం ఎంత పొట్టిదైతే వ్యాఖ్యానం అంత పొడుగుండాలన్నది సూత్రగ్రంథాల నాటినుంచి వస్తున్న మర్యాద.

వ్యాఖ్యాతల్లో అగ్రగణ్యుడు కోలాచలం మల్లినాథసూరి మనవాడే. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష అని ఒక్కో టీకకూ ఒక్కో పేరు పెట్టాడు. ఆధారం లేనిదేదీ రాయను, అక్కర్లేనిదేదీ చెప్పను అని నియమం కూడా పెట్టుకున్నాడు. ఆ నియమాన్ని నేనూ పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడే ఆగిపోవాలి. ఎందుకంటే మూలంలో ఉన్నది 'త్త'. తక్కినదంతా ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేసి కలిపిందే. కాబట్టి మల్లినాథుడికి దూరంనుంచే ఒక నమస్కారం పెట్టి, ఆయన దగ్గర పేరుపెట్టే అలవాటు ఒక్కటే తీసుకుంటున్నాను. ఈ టీక పేరు నిద్రాహారిణి. హరించేది ఎవరి నిద్రనో సమాసంలో లేదు. పిల్లలున్న ఇళ్ళలో విగ్రహవాక్యం అక్కర్లేదు.

మూలం:

అత్త. అత్తత్త. త్త!

ప్రతిపదార్థం: అత్త = ఓ మేనత్తా; అత్తత్త = మేనత్తలలోకెల్లా మేలైన మేనత్తా; త్త = త్వరగా రా.

ఇది మా చెల్లెలి పాఠం. తను బెంగళూరునుంచి వీడియో కాల్‌లో ఉండగా ఈ మహావాక్యం వెలువడింది. అది తనకే చెందుతుందని అక్కడికక్కడే తీర్మానించి, మర్నాడు రెండు గౌన్లు కొరియర్ చేసింది.

పూర్వపక్షం: మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో అసలు పదం 'తాత'. అందులో మొదటి అచ్చు లోపించి, హల్లు ద్విత్వమైంది. మరి ముందర ఆ 'అ' ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అది ఆగమం అన్నారు. లోపమూ ఆగమమూ ఒకే పదంలో, ఒకే ఊపిరిలో జరిగాయా అని అడిగితే, "నీకు వ్యాకరణం ఎప్పుడొచ్చింది గనక" అన్నారు. మా అమ్మ ఈ చర్చలో కల్పించుకున్నది ఒక్కసారే. "అది ఆకలేసి అరుస్తోందిరా. ముందు నోట్లో ఓ ముద్ద పెట్టండి." దీన్ని అన్వయం అనలేం గానీ, ముద్ద పెట్టగానే 'త్త' ఆగిపోయింది కనుక ప్రామాణ్యం దీనికే ఎక్కువ.

వ్యాకరణ విశేషం: తెలుగులో దగ్గరి చుట్టరికాలు చాలావరకు ఒకే మూసలో పోసి ఉంటాయి. ముందు ఒక అచ్చు, వెనక ఒక ద్విత్వం. అమ్మ, అక్క, అత్త, అన్న, అవ్వ, అయ్య, అప్ప. ఆరు నెలలు దాటిన పిల్లలు ఏ దేశంలోనైనా ఒకే అక్షరాన్ని తిప్పితిప్పి పలుకుతూ గొంతు సాధన చేస్తారు. అందులో పిలుపేమీ ఉండదు. మన భాషలో మాత్రం ఆ సాధనలో పెదవులు తగిలితే ఒకరు, నాలుక పళ్ళకు తగిలితే ఒకరు, వెనక్కి జరిగితే ఇంకొకరు 'నన్నే పిలిచింది' అని లేచొస్తారు. ఏ హల్లు దొర్లినా కోరుకునేందుకు ఒక బంధువు కాచుకుని ఉంటాడు.

సిద్ధాంతం: పలికిన నాటికి ఆ 'అత్త'కు అర్థం లేదు. ఈ మాట మా చెల్లెలికి చెప్పే ధైర్యం నాకు లేదు గనక ఇక్కడ రాస్తున్నాను. కానీ ఆ శబ్దం వినబడ్డప్పుడల్లా ఫోను తెరలో ఒక మొహం వెలిగిపోవడం, చేతులు చాపడం, తనను చూసి గోల చేయడం పిల్ల గమనించింది. ఇంకో 'త్త' పారేసి చూసింది. మళ్ళీ వెలిగింది. కొన్నాళ్ళకు మా చెల్లెలు ఏమీ అనకుండా ఊరికే తెరమీదికి రాగానే, ఆ మొహాన్నే చూస్తూ, స్పష్టంగా, ఒక్కసారే 'అత్త' అంది. ఈసారి అది పిలుపే. లోకంలో ఏ కావ్యానికైనా మూలం ముందు, టీక వెనక. కాళిదాసు మల్లినాథుడి వ్యాఖ్య చదివి తన శ్లోకానికి అర్థం తెలుసుకున్నాడని ఎక్కడా లేదు. మా కవయిత్రి చేసింది అదే. మేం తప్పుగా చెప్పిన అర్థాన్ని విని, దాన్ని ఒప్పు చేసింది.

పాఠాంతరం: ఈ జాతి వ్యాఖ్యానం నాకంటే ముందు రాసినవాడు చార్లెస్ డార్విన్. 1839లో పుట్టిన పెద్దకొడుకును గమనిస్తూ రాసి పెట్టుకున్న సంగతులను 1877లో 'మైండ్' అనే పత్రికలో అచ్చువేశాడు. సరిగ్గా ఏడాది వయసులో ఆ పిల్లవాడు తిండికి 'మమ్' అనే మాటను సొంతంగా కల్పించాడని అందులో రాశాడు. జాతుల పుట్టుక గురించి ప్రపంచంతో తగాదా పెట్టుకున్న మనిషి, కొడుకు అన్నం అడిగిన తీరును ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. మన కొన్ని ఇళ్ళలో పిల్లలకు అన్నాన్ని 'మమ్మం' అనే చెబుతారు. ఇది వినిపిస్తే మా నాన్న, "అయితే ఆ పిల్లాడికి ఆయా మనవాళ్ళమ్మాయి అయ్యుంటుంది" అని తేల్చేశారు.

మూలం:

డాం.

తాత్పర్యం: చెంచా కింద పడింది.

ఇందులో కర్త లేదు. పడేసింది ఎవరన్న ప్రశ్నకు కవయిత్రి చోటివ్వలేదు. చెంచా పడింది, అంతే. ప్యాసివ్ వాయిసులో ఆఫీసు నోట్లు రాసేవాళ్ళు చాలా ఏళ్ళ అనుభవంమీద సాధించే నేర్పు ఇది. స్విట్జర్లాండులో పియాజే అనే ఆయన తన ముగ్గురు పిల్లలనే చూస్తూ పుస్తకాలు రాశాడు. పిల్లవాడు చేయి చాపి, ఎత్తు మార్చి, దిక్కు మార్చి వస్తువులను వదిలి చూడడం అల్లరి కాదు, ప్రయోగం అన్నాడు. వదిలే చోటు మారినా వంగి తీసేవాడు మారడం లేదన్నది మా ఇంటి ప్రయోగశాలలో తేలిన అదనపు ఫలితం. ఈ సూత్రంమీద ఇంతకంటే చెప్పడానికి నడుము సహకరించడం లేదు.

మూలం:

(అడుగు, అడుగు, దబ్.)

ఇది అశబ్దకావ్యం. చివరి పదం మాత్రమే వినిపిస్తుంది.

ఛందస్సు: అడుగు లఘువు, చతికిలబడడం గురువు. ఈ లెక్కన పైన ఉన్నది స గణం. కొన్నాళ్ళు కవయిత్రి స గణం దాటలేదు. తర్వాత ఒక సాయంత్రం మూడడుగులు వేసి కూలబడింది. అది నగం, అంటే ఇంద్రగణం. మూడడుగులు వేసి పడకుండా నిలబడిపోయిన రోజున న గణం, అంటే సూర్యగణం. రెండు జాతులూ కాలికి వచ్చాయి గనక తేటగీతి ఇక ఎంతో దూరం లేదు, సోఫా నుంచి టీవీ బల్ల దాకా.

యతి విషయంలో ఒక చిక్కుంది. సంస్కృతంలో యతి అంటే ఆగే చోటు. తెలుగులో ఆగినా ఆగకపోయినా ఫరవాలేదు, అక్షరాలకు స్నేహం కుదరాలి. మా పిల్ల సంస్కృత మార్గం. సోఫా అంచు, కుర్చీ కాలు, తాత పంచె, వీటి దగ్గర తప్పనిసరిగా ఆగుతుంది. తెలుగు యతి మా అమ్మ వంటింట్లో ఉంది. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, అడుగేస్తే అరిసెలు. అడుగులకు అరిసెలే ఎందుకు, జంతికలు చేయకూడదా, పాకం పట్టే బాధ తప్పుతుంది కదా అని అడిగి చూశాను. కూడదంది. యతిభంగం! పిల్లల ఎదుగుదలను నెల లెక్కన కాకుండా వళి లెక్కన పండగ చేసుకున్న జాతి మనది. ఇందులో ఒక రహస్యమూ ఉంది. బోర్లా పడ్డ పిల్లకు పళ్ళు ఉండవు, బొబ్బట్టు తినలేదు. సాధించేది కవయిత్రి, తినేది వ్యాఖ్యాతలు.

ఇక్కడ ఒక పూర్వపక్షాన్ని ఎదుర్కోక తప్పదు. ఆ పక్షం మా పక్క ఫ్లాటులోనే ఉంటుంది. "మా మనవడు తొమ్మిదో నెలకే నడిచేశాడండీ. మీ పాప ఇంకా గోడ పట్టుకునే ఉందా?" అని ఆంటీగారు లిఫ్టులో అడుగుతారు. సమాధానం: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘానా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను గమనించి 2006లో ఒక లెక్క ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు పట్టు లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. ఆంటీగారి మనవడూ అందులోనే ఉన్నాడు, మా బుజ్జీ అందులోనే ఉంది. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ళ మీద పాకడమన్న అధ్యాయాన్నే వదిలేసి ముందుకు పోయారు. ఇదంతా ఆంటీగారికి చెప్పాను. "అవి ఫారిన్ పిల్లల లెక్కలండీ" అన్నారు. అందులో మన ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారంటే, "ఢిల్లీ వాళ్ళది గోధుమ తిండి కదా" అన్నారు. శాస్త్రం ఇంతవరకే రాగలదు.

ఇంతకంటే గట్టి ప్రశ్న ఒకటుంది, అది నాకే వచ్చింది. పాకడంలో ఈ పిల్ల అప్పటికి ప్రవీణురాలు. మంచం కింద దూరి, అటు తేలి, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట దాకా నిమిషంలో చేరేది. అంత చేతికొచ్చిన విద్యను వదిలేసి, రెండడుగులకోసారి కూలబడే కొత్తవిద్యను ఎందుకు ఎత్తుకున్నట్టు? మనమైతే ఎత్తుకోం. నాకు ఈత రాదు, రాకపోవడానికి కారణం మొదటిరోజు నీళ్ళు మింగడమే. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం దీనికి 2012లో జవాబు చెప్పింది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటిన పిల్లలు తమంతట తాము ఆడుకుంటుండగా లెక్కపెడితే, గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఆ గంటలో నడిచిన దూరం 701 మీటర్లు. ఎంత తిరిగారో దాంతో సరిచూస్తే, కొత్తగా నడిచేవాళ్ళు ఆరితేరిన పాకుడుగాళ్ళకంటే ఎక్కువేమీ పడడం లేదు. తిరిగేది ఎక్కువ, అందుకే పడినట్టు కనిపిస్తారు. కిందపడ్డ కవయిత్రి మొహంలో ఓటమి వెతికి నేను విఫలమవడానికి కారణం ఇదే. ఆమె లెక్కలో అది గురువు, గణంలో భాగం. గురువు లేకుండా ఎన్ని లఘువులని రాస్తారు?

రసవిచారం: భరతుడు రసాలు ఎనిమిదన్నాడు, తర్వాతివాళ్ళు శాంతం చేర్చారు. పిల్లల సంగతి పట్టించుకున్నవాడు సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు. వత్సలం కూడా రసమేనన్నాడు. దానికి సంచారీభావాలు చెబుతూ అనిష్టశంక, హర్షం, గర్వం అన్నాడు. ఆ వరస చూస్తే ఆయన ఎవరి వెనకో చేతులు చాపుకుని నడిచి ఉంటాడనిపిస్తుంది. టీపాయ్ మూల తలకు తగులుతుందేమోనన్నది అనిష్టశంక. తగలకుండా దాటితే హర్షం. ఆ తర్వాతది కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అనుభావాల్లో కౌగిలింత, తలమీద ముద్దు, పులకరింత, ఆనందబాష్పాలు లెక్కపెట్టాడు. వీడియో తీయడం లేదు. లేకపోవడమే సబబు. వీడియో తీసేవాడికి కౌగిలింత కుదరదు, ఒక చెయ్యి ఫోనుకు పోతుంది. నా దగ్గరున్న నడక వీడియోలన్నీ ఒకేలా ముగుస్తాయి. చివర్లో ఒక కేక, తర్వాత సీలింగు ఫ్యాను.

మూలం:

(కళ్ళజోడు తెచ్చుట.)

ఇది గ్రంథంలోకెల్లా గహనమైన ఘట్టం. పాఠకులు మంచినీళ్ళు తాగి రావచ్చు.

పిల్లలకు మాటల అర్థం ఎలా తెలుస్తుందన్నది మన మీమాంసకులు వెయ్యేళ్ళకు పైగా వాదించుకున్న విషయం. వాళ్ళు చూపే దృశ్యం ఇది. ఇంట్లో ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనతో 'ఆవును తీసుకురా' అంటాడు. ఆయన తెస్తాడు. పక్కన పిల్లవాడు చూస్తుంటాడు. తర్వాత 'ఆవును కట్టెయ్', 'గుర్రాన్ని తీసుకురా' అనడం వింటాడు. ఏ మాట ఉంటే ఏ పని జరిగింది, ఏ మాట తీసేస్తే ఏది మారింది అని పోల్చుకుంటూ ఒక్కో మాటకూ ఒక్కో అర్థం కట్టుకుంటాడు. ఆజ్ఞాపించేవాడు ఉత్తమవృద్ధుడు, మోసుకొచ్చేవాడు మధ్యమవృద్ధుడు. మా ఇంట్లో మొదటి పదవి మా నాన్నది, రెండోది నాది. ఈ పరిభాషలో నన్ను వృద్ధుడనడం మా ఆవిడకు బాగా నచ్చింది.

ఉత్తమవృద్ధుడు పొద్దున్నే పేపరు విప్పి, "ఒరేయ్, కళ్ళజోడు తీసుకురా" అంటారు. నేను తెస్తాను. ఈ నాటకం రోజూ జరిగేదే. ఒకరోజు నేను స్నానంలో ఉన్నాను. ఆయన అలవాటుగా అన్నారు. ఫ్రిజ్ పక్కన డబ్బాల మూతలతో పనిలో ఉన్న కవయిత్రి ఆ పని ఆపింది. లేచింది. తేటగీతిలో సగం పాదం నడిచి, మంచం మీదున్న కళ్ళజోడును ఒక కాడ పట్టుకుని ఈడ్చుకుంటూ తెచ్చి తాత ఒళ్ళో పడేసింది. ఆయన పేపరు చదవలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళనందరినీ పిలిచారు, నన్ను తలకు సబ్బుతోనే. ఎవరూ నేర్పలేదు. అదే ఆశ్చర్యం. అడుగులు వేయించడానికి వేళ్ళు అందించాం, 'అత్త'ను పదేపదే అనిపించాం. ఇది మాత్రం మేం ఆమెను చూడనప్పుడు ఆమె మమ్మల్ని చూసి నేర్చుకున్నది. ఇన్నాళ్ళూ వ్యాఖ్య రాస్తున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఫ్రిజ్ పక్కన ఇంకొకటి తయారవుతోందన్నమాట, మా మీద.

ఇక శాస్త్రార్థం. మర్నాడు మా నాన్న పరీక్ష పెట్టారు. "బుజ్జీ, దువ్వెన తీసుకురా." కళ్ళజోడు తెచ్చింది. "చెప్పులు తీసుకురా." కళ్ళజోడు తెచ్చింది. ఇంకోసారి ఆయన కళ్ళజోడు పెట్టుకునే ఉండి 'తీసుకురా' అంటే, ముక్కుమీదిది లాగి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది. మా చెల్లెలు ఫోనులో నవ్వింది గానీ ఇందులో పెద్ద వివాదం ఉంది. మాటలు విడివిడిగా తమ అర్థాలు చెప్పాక అవి కలిసి వాక్యార్థం అవుతుందని కుమారిలుడి పక్షం. కాదు, మాట అనేది వాక్యంలో తక్కినవాటితో అతుక్కునే అర్థమిస్తుందని ప్రభాకరుడి పక్షం. మా పిల్లకు 'తీసుకురా' అన్నది కళ్ళజోడుతో అతుక్కునే వచ్చింది. అంచేత ఆ వారమంతా మా ఇంట్లో ప్రభాకరుడిదే గెలుపు. తర్వాత ఒకసారి 'బంతి తీసుకురా' అంటే బంతి తెచ్చింది, కుమారిలుడు కోలుకున్నాడు. ఆ వెంటనే 'మంచినీళ్ళు తీసుకురా' అంటే కుక్కర్ విజిల్ తెచ్చింది. ఇది ఎవరి మతమో తెలియడం లేదు. పండితులు చెప్పాలి.

మూలం:

వద్దు.

పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేశాడు. పేరు బాలలది, భయం మాత్రం పెద్దలకే. అందులో సూరిగారికి ఇష్టమైన మాట 'బహుళం'. సంప్రదాయం ప్రకారం దానికి నాలుగు ముఖాలు. ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ అవుతాయి, ఒకచోట ఇంకేదో అవుతుంది. సూత్రానికి లొంగనివాటినన్నిటినీ సూరిగారు ఈ సంచీలో వేశాడని చదువుకునే రోజుల్లో విసుక్కునేవాణ్ణి. 'వద్దు' వచ్చాక ఆయనమీద గౌరవం పెరిగింది.

'పడుకుందామా' అంటే వద్దు. నిజంగానే వద్దు, మొదటి ముఖం. 'అరటిపండు తింటావా' అంటే వద్దు అంటూనే నోరు తెరుస్తుంది, రెండోది. చెప్పులు తొడగబోతే వద్దంటూ ఒక కాలు వెనక్కి లాక్కుని రెండో కాలు ముందుకు చాపుతుంది, వికల్పం. నాలుగోది నిన్న బయటపడింది. పెరుగన్నం ముద్ద పెట్టబోతే వద్దంది. చెంచా నా చేతిలోంచి లాక్కుంది. కింద పడేస్తుందని చెయ్యి పట్టాను. పడేయలేదు. చాలా జాగ్రత్తగా, సగం దారిలోనే ఒలికిపోతున్నా లెక్కచేయకుండా, తెచ్చి నా నోటికి అందించింది. నేను నోరు తెరవడం ఆలస్యమైతే, 'ఆం' అంది.

ఇది శ్రీమత్పితామహోపనేత్రాపహరణనిపుణ, చెంచాపాతనప్రయోగధురంధర, నగనలాదిగణవిహారలంపట, పార్శ్వగృహపూర్వపక్షనిర్లక్ష్యశీల, దధ్యోదనదాత్రియగు బుజ్జినామధేయచే ప్రణీతంబైన కృతికి నిద్రాహారిణీ వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసమునందలి కథ: స్టూలెక్కుట, గోడలపై క్రేయాన్లతో స్వహస్తలిఖితములు, నేనే అనుట.